బాపు రంగు

మే 4, ఆదివారం

చర్చిలో బాపు కళ్ళ కోసం ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు, బాపు మూసుకోలేదు. నేనూ మూసుకోలేదు కాబట్టి తెలిసింది.

మెడికల్ బోర్డు కాగితం వచ్చేసింది. కంటి నరం ఎండిపోతోందట. గని పనికి అన్‌ఫిట్. అన్‌ఫిట్ అయిన కార్మికుడి పిల్లల్లో ఒకరికి కంపెనీ ఉద్యోగం ఇస్తుంది. మా ఇంట్లో ఆ ఒకరిని ఎంచుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఉన్నది నేనొక్కదాన్నే.

ఉద్యోగం వస్తే క్వార్టర్ ఉంటుంది, బాపుకు దవాఖాన ఉంటుంది. రాకపోతే రెండూ ఉండవు. ఇంగ్లీషు సాహిత్యంతో బి.ఏ. చేసి గనిలో ఏం చేస్తావని నన్నెవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడగాలంటే మాట్లాడాలి.

"ఎంత కనవడ్తుందయ్యా నీకు?" అని అమ్మ బాపును అడిగింది.

"మసక. గంతే."

మే 6

రాజం కాక వచ్చాడు. ఎదురు క్వార్టర్. బాపూ ఆయనా ఒకే గనిలో చేశారు. కాక రిటైరై యూనియన్ ఆఫీసులో కూర్చుంటాడు. ఏ ఆఫీసులో ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. జరగనివీ తెలుసు.

"ఎంక్వైరీ అంటే ఉట్టిగ ఉండదు వదినే. తండ్రిని, బిడ్డను పక్కపక్కన నిలవెడ్తరు. మొకం మొకం పోలుస్తరు."

"ఎందుకు పోలుస్తరన్నా?" అంది అమ్మ.

"ఎందుకంటవేంది? ఎంతమంది దొంగ కొడుకులను వట్టుకొచ్చిన్రు! బామ్మర్దిని కొడుకన్నోడున్నడు. అల్లుణ్ని కొడుకన్నోడున్నడు. ఒకడైతె తనకంటె పెద్దోన్ని కొడుకని తోల్కొచ్చిండు. సారు అడిగితె, బాగ చదివి చదివి గట్లయిండు సార్ అన్నడట."

అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక కాక నన్ను చూశాడు, బాపును చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు.

"మన వాంజిని చూస్తె మాత్రం సార్లు ఒక్కసారి ఆగుతరు. ఒరే మత్తయీ, గీ బిడ్డ నీకు యాడ దొరికిందిరా?"

బాపు నవ్వాడు. అమ్మ గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. అవి సర్దే ఉన్నాయి.

బాపు నలుపు. అమ్మ నలుపు. గోడ మీది పెళ్ళి ఫోటోలో ఇద్దరి పళ్ళూ, అమ్మ పూలూ స్పష్టంగా కనిపిస్తాయి. నేను సున్నం వేసిన గోడలా ఉంటాను.

మే 7

కాక అన్నది హాస్యానికి. తెలుసు.

మే 8

ఎంక్వైరీ జూన్‌లో ఉంటుందట. ఆలోచించాను. ఆఫీసర్ అనుమానపడితే రెండు దారులు ఉన్నాయి. మాట్లాడి నమ్మించడం ఒకటి. రంగు మార్చుకుని వెళ్ళడం ఒకటి. రెండవది తేలిక.

ఇది కేవలం ఆఫీసు కోసం.

మిట్టమధ్యాహ్నం డాబా మీద చేతులు చాపి కూర్చున్నాను. ఒక నవల సగం అయింది. కింది నుంచి అమ్మ, "ఎండల ఏం చేస్తున్నవే? వడియాలు వెట్టినవా?" అని కేకేసింది.

మే 10

చేతులు, ముక్కు ఎర్రగా ఉడికాయి. అమ్మ మజ్జిగ పూసి తిట్టింది. చిన్నప్పటి నుంచీ ఈ తోలు కోసం నా నెత్తి మీద గొడుగు పట్టింది ఆవిడే.

మే 12

పొట్టు లేచింది. లేచిన చోట మునుపటికంటే తెల్లగా ఉంది. నష్టం.

మే 13

ఫోనులో వెతికాను. తెల్ల చర్మానికి సహజంగా రంగు ఎక్కించుకోవడం గురించి చాలామంది దొరసానులు రాశారు. వాళ్ళకు సముద్రతీరం నుంచి వచ్చినట్టు కనబడాలట. నాకు గని నుంచి వచ్చినట్టు కనబడాలి. పద్ధతి ఒకటే.

టీ, కాఫీ పొడి, కోకో పొడి, క్యారెట్, గోరింటాకు, అక్రోటు కాయల తొక్క. తొక్క గోదావరిఖనిలో దొరకదు. మిగతావి మా వంటింట్లోనో, కూరగాయల మార్కెట్లోనో ఉన్నాయి.

బొగ్గు కూడా సహజమైనదే. దాని గురించి ఎవరూ రాయలేదు. బాపు దాన్ని ఒంటి మీద నుంచి వదిలించుకోవడానికి రోజూ ఒక బకెట్టు వేడినీళ్ళు వాడేవాడు. కంటి రెప్పల అంచుల్లో మాత్రం కాటుకలా మిగిలేది. బాపు కళ్ళు గుర్తొచ్చి బొగ్గు వాడకూడదనుకున్నాను.

మే 14

ముందు మెడికల్ షాపులో అడుగుదామని వెళ్ళాను.

"నల్లగయ్యే క్రీమ్ ఉందా అన్నా?"

"తెల్లగయ్యేదా?"

"నల్లగయ్యేది."

అతను నన్ను తేరిపార చూశాడు. "ఉల్టా చెప్తున్నవమ్మా," అని తెల్లగయ్యే క్రీమ్ ఇచ్చాడు. తీసుకున్నాను. వద్దనాలంటే ఇంకొక మాట కావాలి.

అక్కడి నుంచి శోభక్క దగ్గరికి వెళ్ళాను. రాజం కాక కూతురు. మార్కెట్ వెనక బ్యూటీ పార్లర్ నడుపుతుంది.

"ట్యాన్ తీసెయ్యాల్నా?"

"పెట్టాలి."

"ఏం పెట్టాలె?"

"ట్యాన్."

శోభక్క దారం పళ్ళ మధ్య నుంచి తీసింది. కుర్చీలో కనుబొమ్మలు చేయించుకుంటున్న ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"ఏమైందే వాంజీ? ఎవడన్న ఏమన్న అన్నడా?"

"లేదక్కా."

"మరి? దేవుడు ఉట్టిగనే ఇచ్చినదాన్ని పోగొట్టుకుంటనంటవేందే! గిదేదో నాకన్న ఇయ్యరాదు, గిరాకీలకు చూపిచ్చుకుంట."

కుర్చీలో ఆవిడ కూడా తనకు కావాలంది. వచ్చేశాను.

మే 16

టీ. నాలుగు చెంచాల పొడి, ఒక గ్లాసు నీళ్ళు, నల్లగా మరిగించి చల్లార్చాలి. దూదితో మెడకు, ముఖానికి, చేతులకు పూయాలి. కడగకూడదు.

ఆరాక అద్దంలో చూసుకుంటే పాత పుస్తకం పేజీలా ఉన్నాను. బాగుంది. అన్నం తినేలోపు చెమటకు కారి తెల్ల చున్నీ అంతా మరకలయింది. దొరసానులు చెమట గురించి రాయలేదు.

మే 18, ఆదివారం

కాఫీ పొడి, కొబ్బరి నూనె. రంగు వచ్చింది. చర్చిలో నా బెంచీ మీద ఎవరూ కునుకు తీయలేదు. దిండుకు, అమ్మ చీర కొంగుకు, పాటల పుస్తకానికి కూడా వచ్చింది. ఇంటికొచ్చి పడుకుంటే చీమలు.

కాన్వెంటులో ఉన్నప్పుడు ప్రతి క్రిస్మసుకూ సిస్టర్ నన్నే దేవదూతగా నిలబెట్టేది. గబ్రియేలు కాదు. గబ్రియేలుకు మాటలున్నాయి. వెనక వరుసలో రెక్కలతో నిలబడే దేవదూత. "ఎవరి పాపమ్మా ఇది, దొరసాని లెక్కున్నది," అని ముందు వరుసలోని ఆడవాళ్ళు అనుకునేవాళ్ళు. వాళ్ళ పక్కనే బాపు కూర్చునేవాడు. డ్యూటీ దిగి తిన్నగా వచ్చేవాడు. నాదే అని ఒక్కసారీ చెప్పలేదు. నాకు ఆ బెంచీ బాగా కనిపించేది.

ఎందుకు రాస్తున్నానో తెలియదు. ఇది ఆఫీసు కోసం.

మే 20

"ఇంట్ల గిన్ని చాయలు ఎవలు తాగుతున్నరు?" అన్నాడు బాపు.

"ఎవలు తాగుతరు? పొడి మాత్రం అయిపోతున్నది," అంది అమ్మ.

మే 23

క్యారెట్లు. ఇవి లోపలి నుంచి పనిచేస్తాయట. పచ్చివి తింటున్నాను. చెమటకు కారవు.

మే 25, ఆదివారం

బాపు తీగ మీద ఆరేసిన దుప్పటితో, "కూసో రాజం," అన్నాడు. దుప్పటి కూర్చోలేదు. ఈ మధ్య బాపు పరాకుగా ఉంటున్నాడు.

మే 29

అరచేతులు నారింజ రంగుకు వచ్చాయి. అరికాళ్ళు కూడా. ముఖం మాత్రం అలాగే ఉంది. తలకిందులుగా నడిచి వెళ్తే పనికొస్తుంది.

అన్నం దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా అరిచింది. కామెర్లట. నేను కాదనేలోపు పక్క వరుసలోంచి సమ్మవ్వ వచ్చింది. ఆవిడ పసరు పోస్తుంది.

"నాలుక సాపు. కండ్లు తెరువు. కండ్లు తెల్లగనే ఉన్నయ్ గదనే సుగుణా?"

"దాని ఒళ్ళంత తెల్లగనే ఉంటదవ్వా! పసుపు అరచేతులకే వచ్చింది."

"గట్లనా," అని సమ్మవ్వ ఆలోచించి, ఎందుకైనా మంచిదని పోసింది. ఉప్పు, కారం, నూనె లేకుండా చప్పిడి అన్నం తినాలి. క్యారెట్ల సంగతి చెప్పాలంటే మొత్తం చెప్పాలి. చప్పిడి అన్నం తిన్నాను.

మే 31

చప్పిడి అన్నం.

జూన్ 1, ఆదివారం

అమ్మను ఒక మాట అడుగుదామనుకున్నాను. అడగలేదు. కందిపప్పు ఏరాం.

జూన్ 3

గోరింటాకు. పొడిని టీ డికాక్షన్‌లో, కాఫీలో పలుచగా కలిపి, ముందు మోచేతి మడతలో పూసి చూశాను. కడిగితే ఇటుక రంగు. నిరాశపడ్డాను. మర్నాటికి అదే ముదిరి గోధుమ రంగుకు తిరిగింది. సబ్బుకు పోలేదు. చెమటకు పోలేదు. ఇదే.

జూన్ 5

ముఖానికి, మెడకు, చేతులకు ఒక పూత. పొలంలో పనిచేసిన మనిషిలా ఉన్నాను. "ఎండల తిరగకే అంటె ఇన్నవా?" అని అమ్మ మెడికల్ షాపు క్రీమ్ తెచ్చి ఇచ్చింది. నేను కొన్నదే.

జూన్ 6

ఇంకొక పూత.

బాపు వసారాలో కూర్చున్నాడు. నేను ముందు నుంచి నడిచి వెళ్తుంటే, "మణీ, మంచినీళ్ళియ్యి," అన్నాడు. మణి అమ్మ. సుగుణమణి.

నీళ్ళు ఇచ్చాను. ఏమీ మాట్లాడలేదు. బాపే నన్ను అమ్మ అనుకున్నాడంటే ఆఫీసరు ఎంత! ఫలితం కనిపిస్తోంది.

జూన్ 8, ఆదివారం

జ్వరమని చెప్పి చర్చికి వెళ్ళలేదు. శోభక్క చూస్తే అడుగుతుంది.

బాపు నా తల మీద తట్టి కొన్ని రోజులైంది. ఎప్పుడు ఆగిందో గమనించలేదు. బాపుది గనిలో పైబండ చూసే పని. ఇనుప కడ్డీతో బండను తట్టి చప్పుడు వింటాడు. గట్టి బండ గంటలా మోగుతుంది. వదులైంది పగిలిన కుండలా పలుకుతుంది. అప్పుడు మనుషులను వెనక్కు పంపి బండ కింద ఆసరాగా కర్ర దిమ్మెలు పెట్టిస్తారు. డ్యూటీకి పోయేముందు నా నెత్తి మీద వేలి కణుపుతో ఒకసారి తట్టి, చెవి పెట్టి, "గట్టిగనే ఉన్నది," అని పోయేవాడు. అన్‌ఫిట్ అయ్యాక కూడా కొన్నాళ్ళు పొద్దున పూట తట్టేవాడు.

నేను పెద్దదాన్నయ్యానని మానేశాడేమో. ఇరవైమూడేళ్ళు. మానేయవలసిన వయసే.

జూన్ 10

ఎంక్వైరీ ఎల్లుండి. వెల్ఫేర్ ఆఫీసర్ వేణుమాధవ్ గారు.

భోజనం దగ్గర బాపు గొంతు తగ్గించి అమ్మను, "చుట్టమామె తిన్నదా?" అని అడిగాడు.

"ఏ చుట్టం?"

"ఏం లేదు తీ," అన్నాడు.

ఇంట్లో చుట్టాలెవరూ లేరు. అమ్మ నా వైపు చూసింది. నేను కంచంలోకి చూశాను.

జూన్ 12

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున రాజం కాక ఆటో తెచ్చాడు. అమ్మను, బాపును ముందు పొమ్మన్నాను, సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించుకుని వస్తానన్నాను. జిరాక్సులు నిన్ననే తీయించాను. చివరి పూత ఆరాలి.

నేను చేరేసరికి బాపును లోపలికి పిలిచేశారు. వరండాలో అమ్మ నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రాజం కాక, "ఎవలు, మన వాంజేనా?" అన్నాడు. ప్యూను నా పేరు పిలిచాడు. వెళ్ళాను.

పెద్ద గది. ఒకటే కిటికీ, దానికి కూలరు అడ్డం. బల్లకు ఆ వైపు సార్, ఒక క్లర్కు. ఈ వైపు బాపు, ఇస్త్రీ చొక్కాలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని. ఆయన పక్కన నిలబడ్డాను. పక్కపక్కన నిలబెడతారని కాక చెప్పింది నిజమైంది. గుడ్ మార్నింగ్ అనాలనుకున్నాను. రాలేదు.

సార్ నన్ను చూశారు. కాగితం మీది ఫోటో చూశారు. మళ్ళీ నన్ను చూశారు.

"మత్తయీ, ఈ అమ్మాయి నీ బిడ్డేనా?"

బాపు నా వైపు తల తిప్పాడు. మర్యాదగా నవ్వాడు, బస్సులో పక్క సీటు వాళ్ళను చూసి నవ్వినట్టు.

"కాదు సార్."

కూలరు చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

"కాదా?"

"నా బిడ్డ ఇంక రాలే సార్. జిరాక్సుకు వోయింది. వస్తది."

"సరిగ్గా చూసి చెప్పు."

"చూసిన్నే సార్. నా బిడ్డ తెల్లగుంటది. మస్తు తెల్లగుంటది. గీ గదిల అడుగు వెడ్తే మీకే తెలుస్తది, అడగవల్సిన పనే లేదు."

క్లర్కు పెన్ను మూత పెట్టాడు. "మరి ఈమె ఎవరు?" అన్నారు సార్.

"ఎవలో సార్." బాపు నా వైపు మళ్ళీ తిరిగాడు. "పాపం, గాబరవడ్డట్టున్నది. వాళ్ళ బాపు బయట ఎదురుచూస్తుండొచ్చు. పో బిడ్డా, బయట కూసోపో."

నేను 'బాపూ' అన్నాను. అన్నాననుకున్నాను. నోరు మాత్రమే కదిలింది. సార్ గంట మీద చెయ్యి పెట్టారు. ఆ గంట మోగితే నేను బయటికి వెళ్ళాలి. వెళ్తే ఉద్యోగం, క్వార్టర్, దవాఖాన అన్నీ నా వెనకే వెళ్ళిపోతాయి. ఇంకొకసారి అన్నాను.

"బాపూ."

ఈసారి గట్టిగా వచ్చింది. కాన్వెంటులో గబ్రియేలుకు కూడా అంత రాలేదు.

బాపు చెవి పెట్టాడు. కనుబొమ్మలు ముడిచాడు.

"గొంతు నా బిడ్డదే సార్," అన్నాడు నెమ్మదిగా. "మనిషి కాదు."

"నేనే బాపూ. వాంజిని."

"మరి గట్లెందుకున్నవ్?"

"టీ," అన్నాను. అది సరిపోలేదని అర్థమైంది. "టీ, కాఫీ, గోరింటాకు. పూసుకున్నాను."

క్లర్కు నవ్వాపుకోలేక ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బాపు లేచాడు. చెయ్యి చాపాడు. చెయ్యి నా భుజానికి పక్కన గాలిలో ఆగింది. అప్పుడు చూశాను. నన్ను వెతుకుతోంది. అడుగు దూరంలో ఉన్న నన్ను. నేను జరిగి ఆ చేతి కిందికి వెళ్ళాను. వేలి కణుపుతో నెత్తి మీద ఒకసారి తట్టి, చెవి పెట్టాడు.

గదిలో అందరూ ఆగారు. కూలరు ఆగలేదు.

"నాదే సార్," అన్నాడు బాపు. "గట్టిగనే ఉన్నది."

సార్ కుర్చీలో వెనక్కు వాలారు. తర్వాత నాతో, "తండ్రిలా కనబడాలని రంగు పూసుకొని ఎంక్వైరీకి వచ్చేవాళ్ళను మేం ఏమంటామో తెలుసా?" అన్నారు.

"తెలుసు సార్."

"ఎందుకు పూసుకున్నావు?"

"మొకాలు పోలుస్తారని విన్నాను సార్. నేను మా బాపులాగ ఉండను. చిన్నప్పటి నుంచీ అందరూ అంటారు. మీరు కూడా అంటే, కాదని చెప్పడం నాకు రాదు. అందుకని."

నా జీవితంలో కొత్తవాళ్ళ ముందు అంత పొడుగు మాట మాట్లాడలేదు.

"మొకాలు పోలుస్తామని ఎవరు చెప్పారు?"

తలుపు సందులో రాజం కాక బట్టతల కనిపిస్తోంది. "ఒక పుస్తకంలో చదివాను," అన్నాను.

"మేం చూసేది మొకాలు కాదమ్మా. అడుగుతాం. బయట నలుగురిని అడుగుతాం, లోపల మిమ్మల్ని అడుగుతాం. కానీ తండ్రే కాదన్న మనిషిని ఏమని రాసుకోవాలి?" ఫైలు మూశారు. "రంగు పోయినాక రండి. అప్పుడు మళ్ళీ అడుగుతాను. ఆయన ఏమంటే అదే రాస్తాను."

బాపు నమస్కారం పెట్టాడు. కూలరుకు.

జూన్ 13

నిన్న ఇంటికొచ్చాక జరిగింది రాయలేకపోయాను.

బాపు వసారాలో కూర్చుని, "ఇటు రా," అన్నాడు. వెళ్ళాను. "వచ్చినవా?" అన్నాడు. ముందే నిలబడి ఉన్నాను.

"నా బిడ్డవు కావని నిన్నెవలన్న అన్నరా?"

"లేదు బాపూ," అన్నాను. అబద్ధం. అందరూ అన్నారు. నేను కూడా.

"వారం దినాల సంది ఇంట్ల ఎవలో తిరుగుతున్నరు. మీ అమ్మ చెల్లె వచ్చిందనుకున్న. మాట లేదు ముచ్చట లేదు, గిన్ని రోజులున్నదేంది, పోతలేదేంది అనుకున్న. అడుగుతె బాగుండదని ఊకున్న."

అమ్మ తలుపు దగ్గరే కింద కూలబడింది. "నీకు ఏం కనవడ్తలేదా? మసక అన్నవ్ గదనయ్యా!"

"మసకే. మనుషులు నీడల్లెక్క కనవడ్తరు. నువ్వు నీడవే. రాజం నీడనే. వాంజి ఒక్కతే వేరుండె. గనిల ఎదురుంగ వచ్చేటోని మొకం ఎవడు చూస్తడు? నెత్తి మీది బత్తి చూస్తం. గట్ల దాన్ని వట్టుకొని తిరుగుతున్న ఇంట్ల. తెల్లగ మెదిలితె వాంజి, లేకుంటె మణి. బత్తి ఆరిపోయింది, కండ్లు పూరాగ వోయినయనుకున్న. మీకు చెప్పలే."

అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. ఏడిస్తే రంగు కారుతుందేమో అనిపించింది. కారదని తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు, అంటే ఇవాళ, పప్పు ఏరుతుంటే అమ్మ తనంతట తనే మొదలుపెట్టింది.

"నువ్వు పుట్టినప్పుడు నేనే లొల్లి వెట్టిన. గీ పిల్ల నాది కాదు, మార్చిన్రు అని. నర్సమ్మ, ఆ దినం పుట్టింది నీ ఒక్క బిడ్డనే, ఎవలతోటి మారుస్తనే అని తిట్టింది. నేను ఇనలే. మీ బాపు డ్యూటీ దిగి వచ్చిండు. మసి చేతులతోటే. నిన్ను ఎత్తుకోలే, మసి అంటుతదని. ఒక్క వేలితోటి నెత్తి మీద తట్టి చెవి వెట్టిండు. మనదే, గట్టిగున్నది, అన్నడు. పుట్టిన పిల్లను కొడ్తవా అని నర్సమ్మ ఆయనను గూడ తిట్టింది."

"నెత్తి మీద మసి అయిందా?"

"అయింది. చుక్క వెట్టినట్టు. రెండు దినాలు తుడ్వనియ్యలే నేను."

కందిపప్పులో రాళ్ళేమీ లేవు. అయినా మొత్తం ఏరాం.

జూన్ 15, ఆదివారం

చర్చికి వెళ్ళాను, ఈ ముఖంతోనే. శోభక్క చూసి, "సాధించినవ్ పో," అంది. తర్వాత పెరుగు, శనగపిండి, నిమ్మకాయ చెప్పింది. ట్యాన్ తీసేది. ఆవిడకు వచ్చిన పని.

బాపు పక్కన కూర్చున్నాను. ప్రార్థనలో ఆయన కళ్ళు మూసుకోలేదు. ఎందుకో ఇప్పుడు తెలుసు. వెలుతురు ఏ కాస్త ఉన్నా వృథా చేయడు.

జూన్ 17

గదిలోకి వెళ్ళినప్పుడల్లా, "బాపూ, నేనే," అంటున్నాను. మొదట్లో వింతగా ఉండేది. ఇంత మాట్లాడటం అలవాటు లేదు. "నేనే" అన్నాక ఇంకేదైనా అనకపోతే బాగుండదు, అందుకని ఇంకేదైనా అంటున్నాను. ఇవాళ నవల కథ మొత్తం చెప్పాను. "ఆమె గా పిలగాన్ని ఎందుకు చేసుకున్నదే? దిమాగ్ ఉన్నదా?" అన్నాడు. పుస్తకంలో నాకూ అదే అనుమానం.

జూన్ 20

పెరుగు, శనగపిండి. చీమలు దీనికీ వచ్చాయి.

జూన్ 22, ఆదివారం

రాజం కాక బాపు ముందు కూర్చుని, తప్పంతా తనదేనని, అసలు మొకాలు పోలుస్తారని తనకెవడో చెప్పాడని, వాడికి ఇంకెవడో చెప్పాడని అన్నాడు. పోయేముందు నాతో, "పుస్తకంల చదివిన్నంటివి గదనే. ఏ పుస్తకం బిడ్డా?" అన్నాడు.

"పెద్ద పుస్తకం కాకా. బట్టతలది."

బాపు పడీపడీ నవ్వాడు. నేను ఒకరి మీద హాస్యమాడటం ఇదే మొదలు.

జూన్ 26

నుదురు, ముక్కు తెల్లబడ్డాయి. చెంపలు ఇంకా పొలంలోనే ఉన్నాయి.

కొత్త కళ్ళ డాక్టరు కూడా, ఉన్నది నిలబెట్టడమే, తిరిగి తేవడం కుదరదన్నాడు. మందులు రాశాడు. అవి దవాఖానలో దొరకాలంటే నేను ఉద్యోగంలో ఉండాలి.

జూలై 2

చెవుల వెనక తప్ప ఎక్కడా లేదు. సున్నం వేసిన గోడ.

రేపు ఆఫీసు. బాపు రెండు రోజుల నుంచి, నేను పలికే దాకా, వచ్చింది ఎవరో పోల్చుకున్నట్టు ఏమీ అనడం లేదు. కళ్ళు ఇంకొంచెం తగ్గాయేమో. అడగలేదు. రేపు ఆయన ఏమంటే అదే రాస్తారు. ఆయనకు చెప్పి పెట్టవచ్చు, నేను లోపలికి రాగానే దగ్గుతాను అని. అమ్మ అదే చెయ్యమంది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అమ్మకు చెప్పలేదు.

జూలై 3

అందరం ఒకే ఆటోలో వెళ్ళాం. సార్ ముందు బాపును పిలిచారు. తర్వాత నన్ను.

అదే గది. అదే కూలరు. క్లర్కు నా ముఖం చూసి మర్యాదగా పెన్ను మూత తీశాడు.

సార్ నన్ను బల్లకు ఆ చివర నిలబెట్టారు. పక్కన కాదు. చాలా ప్రశ్నలు అడిగారు. నాయనమ్మ పేరు, ఏ చర్చి, పక్కింటివాళ్ళెవరు, బాపు ఏం పని చేసేవాడు. చివరిదానికి బండను ఎలా తడతారో, గట్టిది ఎలా మోగుతుందో, వదులైంది ఎలా పలుకుతుందో మొత్తం చెప్పాను. సార్ ఆపలేదు.

బాపు నా మాట వస్తున్న వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. గొంతు పోల్చాడని తెలుస్తోంది. ఇక అడిగినా అడగకపోయినా ఒకటే. నాకు మాత్రం ఒకటి కాదు.

సార్ కూడా అదే ఆలోచించారేమో. నన్ను మాట్లాడవద్దని సైగ చేసి, గదిలో ఇంకొక చోటికి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడమన్నారు. ప్యూనును, క్లర్కును చెరొక మూలకు పంపారు. చెప్పులు విడిచి నడిచాను.

"మత్తయీ, ఈ గదిలో నీ బిడ్డ ఉందా?"

బాపు తల నెమ్మదిగా తిప్పాడు. ప్యూను దగ్గర ఆగలేదు. క్లర్కు దగ్గర ఆగలేదు. కిటికీ దగ్గర కాసేపు ఆగాడు. అక్కడి నుంచి ఇంకొంచెం తిప్పాడు. నా వైపు.

నోరు తెరిచాను. దగ్గైనా దగ్గుదామని.

"నువ్వు మాట్లాడకు," అన్నాడు బాపు. "సారు నన్నడిగిండు."

తర్వాత సార్ వైపు తిరిగి, "గదే సార్, తలుపు కాడ," అన్నాడు. "గా దినం రాలే. ఇప్పుడు వచ్చింది."

సార్ రాసుకున్నారు.